చప్పుడు మంచిదే

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, ఆగస్టు పదమూడు, మంగళవారం. ఆ మధ్యాహ్నం తిన్నది ఒకటిన్నర జొన్నరొట్టె, బోడకాకరకాయ కూర. కూరలో నువ్వుల పొడి కాస్త ఎక్కువ పడింది, ఒక ముక్క మాడింది, ఆ మాడిన ముక్కే అన్నిటికన్నా రుచిగా ఉంది. ముప్పై నాలుగేళ్ళ కిందటి ఆ ముక్క ఇప్పుడు, గోదావరి వంతెన మీద, ముందొక లారీ వెనకొక లారీ కుడిపక్కనొక లారీ మధ్యన ఇరుక్కుని, ఇంజను ఆపేసి కూర్చున్న గిడియోన్ నాలుక మీదికి ఎందుకు వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. బొగ్గుగని టైమాఫీసు కిటికీ వెనక కూర్చుని ముప్పై మూడేళ్ళు మూడు షిఫ్టుల హాజరు రాసిన మనిషికి తేదీలు గుర్తుండటంలో వింత లేదు. రుచులు గుర్తుంచుకునే పని మాత్రం ఆయనకెన్నడూ పడలేదు, అది భార్య అనసూర్య చూసుకునేది. పొద్దున బెల్లంపల్లిలో బావమరిది ఇంట్లో తిన్నది ఇడ్లీ. మరి ఈ బోడకాకర ఎక్కడి నుంచి వచ్చింది అనుకుంటుండగానే వెనక నుంచి చప్పుడు మళ్ళీ వచ్చింది. కిర్ర్ అని సన్నగా మొదలై, మధ్యలో ఆగి, ఏదో చెప్పబోయి మానుకున్నట్టు తెగిపోయింది. నాలుక మీద మళ్ళీ మాడిన ముక్క.

బండి కదలక ఇరవై నిమిషాలైంది. వంతెన అవతలి చివర బొగ్గు లారీ ఒకటి టైరు పేలి అడ్డం తిరిగిందని నడిచిపోయేవాళ్ళు చెబుతున్నారు. ఎడమపక్క సన్నటి నడకదారి, దాని అంచున కమ్ములు, కమ్ముల కింద వానాకాలపు గోదావరి మట్టిరంగులో నింపాదిగా పోతోంది, దానికి ఏ షిఫ్టుకూ ఆలస్యమయ్యేది లేదు. కుడిపక్క లారీ ఎంత దగ్గరగా ఆగిందంటే, ఆయన తన తలుపు తీస్తే జానెడు తెరుచుకుని లారీ టైరుకు కొట్టుకుంటుంది. రెండుసార్లు తీసి చూశాడు, రెండుసార్లూ టైరు తాలూకు వేడి మొహానికి తగిలింది. దిగాలంటే పక్క సీటు మీదుగా పాక్కుంటూ ఎడమ తలుపులోంచి దిగాలి. పక్క సీటు అనసూర్యది. వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్న అత్తమ్మ, అంటే అనసూర్య తల్లి రాములమ్మ, దిగాలన్నా ఆయన ముందు దిగాలి, ఎందుకంటే ఆ వెనక తలుపు లోపలి పిడి ఎన్నడో విరిగింది, బయటి నుంచి తీస్తేనే వస్తుంది. అంటే ఇద్దరూ లోపలే. అద్దాలు దించితే బొగ్గు దుమ్ము, ఎత్తితే ఉక్క. సగానికి దించాడు. సగం దుమ్ము, సగం ఉక్క. అదీ ఒక దయే అనుకున్నాడు. మేఘం ఒకటి ఎండకు అడ్డం వచ్చింది, అది ఇంకొకటి.

నాలుగు రోజుల కింద ఎల్లేశం షెడ్డు నుంచి తెచ్చుకున్న బండి ఇది. తొంభై తొమ్మిది మోడలు కారు, ఒకప్పటి తెలుపు, ఇప్పుడు మజ్జిగ రంగు. వెనక బుష్‌లు మార్చాడు, షాకబ్జర్లు మార్చాడు, కింద రేకు పని కొంచెముందని ఇంకో రెండు రోజులు ఉంచుకున్నాడు. తాళంచెవి ఇస్తూ ఎల్లేశం ఆయన మొహంలోకి కాక భుజం మీదుగా రోడ్డు వైపు చూస్తూ, "సప్పుడు జేస్తె ఫోన్ చెయ్యి సారూ. సప్పుడు మంచిదే," అన్నాడు. గిడియోన్ నవ్వాడు. చప్పుడు పోవడానికి రిపేరు చేయించుకుంటే చప్పుడు మంచిదే అనే మెకానిక్కు ఇంకెక్కడ దొరుకుతాడు. ఎల్లేశం నవ్వలేదు. "దూరం తీస్కపోకు. ఊర్లె తిప్పుకో," అన్నాడు. బెల్లంపల్లి దూరమా? నలభై కిలోమీటర్లు కూడా ఒక దూరమేనా? మూడు నెలల కింద ఇదే ఎల్లేశం బండి కింద పడుకుని టార్చిలైటు వేసి చూసి, లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ "ఇగ దీన్ని ఇడిచిపెట్టు సారూ" అన్నాడు. గిడియోన్ బానెట్ మీద చెయ్యి ఆనించి, గోడకున్న క్యాలెండరులో ఆ నెలలో ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కబెట్టాడు, బండి ఎక్కి ఇంటికొచ్చాడు, మూడు వారాలు ఆ వీధిలోకి పోలేదు. కోపం వచ్చి కాదు. ఏం మాట్లాడితే గొంతు ఎట్లా వస్తుందో తెలియక. ఆ తరవాత ఎల్లేశం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఆయనకు దయగానే తోచింది.

చప్పుడు ఎప్పుడు మొదలైంది? వరసగా ఆలోచించాలి. ఇంజను అయితే ఇంజను ఆపినంక రాకూడదు, వస్తోంది. సైలెన్సరు అయితే బండి నడుస్తున్నప్పుడే రావాలి, నిలబడ్డప్పుడూ వస్తోంది. దారిలో బండి ఆపి జాకీ ఏమో అని తీసి గోనెగుడ్డలో చుట్టాడు. పానా ఏమో అని సీటు కింద నుంచి తీసి ముందు పెట్టుకున్నాడు. నీళ్ళ సీసా, బైబిలు, గొడుగు, సీటు సందులో దొరికిన చింతగింజ, అన్నీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూశాడు. చింతగింజ తప్పు లేదని తేలింది. నాలుగు రోజులు ఊళ్ళో తిరిగితే లేదు, చర్చికి పోతే లేదు, పొద్దున బెల్లంపల్లి పోయేటప్పుడు శ్రీరాంపూర్ దాటేదాకా కిటికీలు దించుకుని చెవి ఒగ్గి విన్నాడు, లేదు. తిరుగు ప్రయాణంలో బెల్లంపల్లి మలుపు దాటగానే మొదటిసారి. అప్పుడు బండిలో కొత్తగా ఏమున్నాయి? అక్కడికి వచ్చేసరికి ఆయన ఆలోచన తనంతట తానే ఆగిపోయింది. ఎదురు లారీ ఒకటి అవతలి వైపున వేగంగా పోయింది, వంతెన ఒళ్ళు విరుచుకున్నట్టు సన్నగా ఊగింది, బండి ఊగింది, వెనక నుంచి కిర్ర్.

కొత్తగా ఉన్నవి అత్తమ్మ, అత్తమ్మ ఇనుప ట్రంకు పెట్టె, ఒక సంచిలో రోలూ రోకలీ. బావమరిది టోనీకి కాసిపేటకు బదిలీ అయింది, అక్కడ దొరికిన ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు, ఆమె మోకాళ్ళు ఆరు మెట్లకే మొరాయిస్తాయి. "నెలరోజులు నీ దగ్గరుంచు బావా, కింద ఇల్లు దొరకంగనే తోల్కపోత" అని టోనీ అన్నప్పుడు గిడియోన్ నెల ఎందుకు, ఎన్నాళ్ళైనా అన్నాడు. మంచి మాటే. కానీ ఆమె అక్కడే కూర్చుని ఉంది, కోడలు సర్దిన ట్రంకు పక్కన, తన గురించి మాట్లాడుతున్నారో ట్రంకు గురించి మాట్లాడుతున్నారో తెలియనట్టు. బయలుదేరేటప్పుడు "ఐతారం దాక ఉండి చూసిపోత" అంది, ఆదివారం దాకానే అన్నట్టు, ఎవరినీ చూడకుండా. ముందు సీట్లో కూర్చోమంటే వద్దంది. అల్లుడి పక్కన కూర్చోవడం ఆమె ఎరగదు, అది ఒకటి. ఆ సీటు ఎవరిదో ఎరుగును, అది రెండోది. నాలుగేళ్ళుగా ఆ సీటు కింది పట్టాలో ఒక గుంట ముందుకు జరిపే ఉంది. అనసూర్యకు కాళ్ళు ఆనేవి కావు. ఆయన దాన్ని వెనక్కి జరపలేదు, కూరగాయల సంచీ కూడా దాని మీద పెట్టడు, కిందనే పెడతాడు. దీన్నెవరైనా అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర ఏ కారణమూ లేదు. పిల్లల్లేని ఇంట్లో ఇటువంటివి అడిగేవాళ్ళు కూడా ఉండరు.

నడకదారి మీద పోయేవాళ్ళు ఆగి ఆగి పోతున్నారు. చప్పుడు వాళ్ళకూ వినబడుతోంది. సగం దించిన అద్దంలోంచి ఒకాయన వంగి, బీడీ నోట్లోంచి తీయకుండానే, "షాకబ్జర్ పోయింది కాకా," అన్నాడు. కొత్తది వేశామని చెబితే, "కొత్తదే పోయిందేమో," అని పోయాడు. బస్సు దిగి నడుస్తున్న ఒకామె చంకలో కోడిని సర్దుకుంటూ తన భర్తతో, "గా సప్పుడు మన మంచం సప్పుడే," అంది, ఆ భర్త సిగ్గుతో నాలుగడుగులు ముందుకు నడిచాడు. కుడిపక్క లారీ డ్రైవరు పైనుంచి తొంగి చూసి, అరిటిపండు తింటూ, "ఏం సారూ, బండిల పిల్లి గిట్ల వడ్డదా?" అన్నాడు. గిడియోన్ నవ్వాడు, అద్దంలో చూశాడు. అద్దంలో అత్తమ్మ నవ్వలేదు. కొంగు నోట కరుచుకుని, ఒళ్ళంతా ముడుచుకుని, తలుపు వైపుకు ఒరిగి కూర్చుంది. ఎంత తక్కువ చోటు తీసుకుంటే అంత తక్కువ బరువు పడుతుందన్నట్టు, రెండు చేతులతో ముందు సీటు వీపు పట్టుకుని తనను తాను కాస్త పైకి ఎత్తి పట్టుకుని ఉంది. ఎంతసేపటి నుంచి అట్లా ఉందో.

"నేనెక్కినంకనే గదా బిడ్డా గిది మొదలైంది," అంది.

"అదేం లేదు అత్తమ్మా. రిపేరు సక్కగ చెయ్యలే ఆయన," అన్నాడు. అంటూనే ఎల్లేశం మీద నింద వేసినందుకు లోపల కాస్త చివుక్కుమంది. ఎల్లేశం పని అట్లా వదిలేసే మనిషి కాదు. కానీ ఎవరి మీదో ఒకరి మీద వెయ్యాలి, ఆమె మీద పడకుండా. ఆయనకు తెలుసు, మలుపు దగ్గర్నుంచే తెలుసు, ఖాళీ బండి పలకదు, బరువెక్కితేనే పలుకుతోంది. తెలిసినదాన్ని నోటి దాకా రానివ్వకుండా గంట నుంచి చింతగింజలు వెతుకుతున్నాడు. బరువనే మాట ఈ బండిలో అనకూడదు. ఆ మాట ఒక్కసారి బయటపడితే ఐతారం ఐతారంగానే మిగులుతుంది, ఆమె చూసిపోతుంది, టోనీ ఇంటి మెట్లు నాలుగు నాలుగు చొప్పున కూర్చుంటూ ఎక్కుతుంది, ఎవరినీ ఏమీ అనదు. కింద ఇల్లు ఎప్పటికి దొరకాలి? ఇంట్లో ఆయన ఆమె కోసం కిటికీ ఉన్న గది ఊడ్చి, మంచం ఎత్తు తగ్గించడానికి కాళ్ళు రెండంగుళాలు కోయించి, దుప్పటి పరిచి వచ్చాడు. ఎవరి కోసమైనా దుప్పటి పరిచి నాలుగేళ్ళైంది.

"తలుపు తియ్యి, నేను దిగి నడుస్త. వంతెన దాటినంక ఎక్కుత."

"మోకాళ్ళతోని ఏడ నడుస్తరు అత్తమ్మా?"

"మెల్లగ నడుస్త. బండి నడుస్తలేదు గదా, నేనే ముందుగాల పోత."

ఆయనకు నవ్వొచ్చింది, ఆమెకూ కాస్త వచ్చినట్టుంది, కానీ వంతెన మళ్ళీ ఊగింది. ఈసారి చప్పుడు పొడుగ్గా వచ్చింది, కింద నుంచి, ఆమె కూర్చున్న చోటి కింద నుంచే, ఎండిన దేన్నో మెల్లగా పిండుతున్నట్టు. ఇంజను లేదు, చక్రం తిరగడం లేదు, గాలి లేదు. ఇద్దరి ఊపిరీ, అదీ. బెల్లంపల్లి పాత క్వార్టరులో రాత్రిపూట ఇట్లాగే నిశ్శబ్దంగా ఉండేదని, పెళ్ళైన కొత్తలో అక్కడ పడుకుంటే తలుపు చప్పుడుకు మెలకువ వచ్చేదని గుర్తొచ్చింది. రెండో షిఫ్టు దిగి ఆమోసు మామ పదకొండున్నరకు వచ్చేవాడు. ఆయన వచ్చేదాకా రాములమ్మ తలుపు వేసేది కాదు, దగ్గరగా వేసి పెట్టేది కూడా కాదు, గాలివాన వచ్చినా బార్లా తెరిచే ఉంచేది, బొగ్గుబాయిలోకి దిగిన మనిషి పైకి రాకముందు ఇంటి తలుపు వెయ్యకూడదని ఆమె లెక్క. ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక గొళ్ళెం పెట్టేది. ఆ తరవాత టోనీకి ఉద్యోగమొచ్చి టోనీ కోసం అట్లాగే కాచుకుంది. పొద్దున ఇల్లు ఖాళీ చేస్తూ టోనీ కాసిపేట ఇంటి గురించి గొప్పగా చెప్పాడు, అక్కడి తలుపు దగ్గరికి నెడితే చాలు దానంతటదే తాళం పడుతుందట. "అయితే గా తలుపుకు మనిషితోని పని లేదన్నట్టు," అంది ఆమె. అందరూ నవ్వారు. గిడియోన్ కూడా నవ్వాడు.

వెనక నుంచి మాట వచ్చింది. చాలా మామూలుగా, పొయ్యి మీద ఏదో పొంగుతోందని చెప్పినట్టు.

"గిది ఇనుము సప్పుడు గాదు బిడ్డా. కర్ర ఏడుస్తాంది."

కర్ర. ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె ఒక చెయ్యి గాలిలో లేపి పట్టుకుని, తల పక్కకు వంచి వింటోంది. ఆ చెయ్యి చూడగానే, వేళ్ళు కాస్త విడివిడిగా, అరచెయ్యి కిందికి, ఆగు అన్నట్టు లేచిన ఆ చెయ్యి చూడగానే, బోడకాకర ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది. ఎల్లేశం చెయ్యి. ముప్పై నాలుగేళ్ళ కింద, భూమికి నూట యాభై గజాల లోపల, దీపం వెలుగులో, వేళ్ళకు జొన్నరొట్టె పిండి అంటుకున్న ఎల్లేశం చెయ్యి. బాయిలోకి దిగకుండానే కొందరి హాజరు పడుతోందని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, లోపలికి పోయి తలకాయలు లెక్కబెట్టి రమ్మని ఆఫీసు వాళ్ళు ఆయన్ని ఆ రోజు కిందికి పంపారు. పెళ్ళై మూడు నెలలు. టోపీ చెవుల మీదికి జారుతోంది, బూట్లు ఎవరివో. దారి చూపడానికి టింబర్‌మన్ ఎల్లేశాన్ని ఇచ్చారు. కప్పుకు కర్రలు నిలబెట్టడం, కర్రకూ కప్పుకూ మధ్య చెక్క చీలలు కొట్టి బిగించడం షెడ్డు పెట్టకముందు అతని పని. లెక్కైంది, ఆకలైంది, కర్రల వరస పక్కన కూర్చుని ఇద్దరూ డబ్బాలు విప్పారు. కొత్త స్టీలు డబ్బా, మూత మీద గిడియోన్ అనసూర్య అని పేర్లు కొట్టించి పెళ్ళికి అత్తగారు ఇచ్చింది. ఎల్లేశం ఒక రొట్టె అందుకుని, కూర నోట్లో పెట్టుకుని, కొత్త పెళ్ళాం నువ్వులు గుమ్మరించిందని ఏదో వేళాకోళం ఆడుతూ, మధ్యలో ఆగాడు. చెయ్యి లేపాడు. గిడియోన్‌కు వినబడింది, వినబడింది కానీ అది చప్పుడని తోచలేదు, అంత చిన్నది. కిర్ర్. "లెవ్వు సారూ," అన్నాడు ఎల్లేశం నోట్లో ముద్దతోనే. డబ్బా కోసం వంగితే చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. పరుగెత్తలేదు, పరుగెత్తనివ్వలేదు, నడిపించాడు. ముప్పై అడుగులు. వెనక కప్పు కూలినప్పుడు వచ్చిన చప్పుడు ఆయనకు గుర్తులేదు, గాలి వచ్చి వీపును నెట్టడం గుర్తుంది, నోట్లో మాడిన ముక్క ఇంకా నమలకుండా ఉండటం గుర్తుంది. మిగిలిన సగం రొట్టె, డబ్బా, మూత మీది రెండు పేర్లు అక్కడే ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. పైకొచ్చి నీళ్ళు తాగి ఎల్లేశం అన్నాడు, ఇనుప దిమ్మెలు పెడతమంటున్నరు సారూ, ఇనుము చెప్పకుండ పోతది, కర్రయితె ముందుగాల ఏడుస్తది, మనిషికి లేచేంత టైం ఇస్తది. ఆ సాయంత్రం ఇంటికి పోయి అనసూర్యతో డబ్బా ఆఫీసులో పోయిందని చెప్పాడు. ఆ అబద్ధం తరవాత ఎన్నడూ దిద్దుకోలేదు.

ఎందుకు దిద్దుకోలేదు? చెబితే ఆమె ప్రతి పొద్దూ ఆయన్ని గడప దగ్గర ఒక నిమిషం ఎక్కువ చూసేది. అంతే. ఆ ఒక్క నిమిషం ఆమెకు మిగిలించాలనుకున్నాడు. తరవాత చాలా ఆలస్యమైంది, తరవాత మరీ ఆలస్యమైంది, తరవాత ఆమె లేదు. సంతకు మొదటి బోడకాకర వచ్చినప్పుడల్లా అనసూర్య కూర చేసి, వడ్డిస్తూ, "డబ్బా దొరికిందా సారూ?" అని అడిగేది. ఆయన నవ్వేవాడు. ప్రతి ఆగస్టూ. ఇప్పుడీ వంతెన మీద, ఎవరూ అడగకుండానే, అద్దంలోకి చూస్తూ ఆయన నోరు తెరిచాడు.

"అత్తమ్మా, పెండ్లికి మీరు పేర్లు కొట్టించి ఇచ్చిన స్టీలు డబ్బా ఉండె గదా."

"బాయిల ఉన్నది గదా అది," అంది ఆమె, చెయ్యి కిందికి దించుతూ.

లారీ డ్రైవరు అరటితొక్క నదిలోకి విసిరాడు. ఆ తొక్క కమ్ములు దాటి కిందికి పోయేదాకా గిడియోన్ దాన్నే చూశాడు.

"మీకెవరు చెప్పిన్రు?"

"మా ఆయనకు తెల్లారే తెలిసింది. ఆయనసొంటి టింబర్‌మెన్లకు తెల్వకుంట ఏ బాయిల కప్పు కూలుతది బిడ్డా? మా ఇంట్ల ఆ దినం పొయ్యి ముట్టియ్యలే. అనసూర్యకు నేనే చెప్పిన."

"అనసూర్యకు..."

"గా పిల్ల ఏమన్నదో ఎర్కనా? ఆయనంతల ఆయన చెప్పేదాక నేను సూటిగ అడగనే అమ్మా, నవ్వులాటకు అడుగుత, చెప్తె చెప్తడు అన్నది."

ముప్పై ఆగస్టులు. గరిటె చేతిలో పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, డబ్బా దొరికిందా సారూ. దొరకలేదని ఒక్కసారి సరిగ్గా చెప్పి ఉంటే, ఎక్కడ ఉందో చెప్పి ఉంటే, ఆమె గరిటె కింద పెట్టి పక్కన కూర్చునేదేమో. లేదా ఏమీ అనకుండా ఇంకో రొట్టె వేసేదేమో. వడ్డించే ముందు ఆమె ఒక్క క్షణం ఆగేదా? ఆగేదనే ఇప్పుడనిపిస్తోంది, కానీ ఇప్పుడనిపించినదాన్ని నమ్మడమెట్లా. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. దుమ్ము. రెండు వైపులా దుమ్మే. ఆమె కూడా గడప దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడి ఉంటుంది అయితే, ఆయన వీధి మలుపు తిరిగాక, ఆయనకు కనబడకుండా.

కర్ర మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఆయన ఫోను తీశాడు.

"ఎల్లేశం, బండి వెనక కర్ర పెట్టినవా?"

అవతల షెడ్డులో ఎవరో రేకు కొడుతున్న మోత. అది ఆగేదాకా ఎల్లేశం మాట్లాడలేదు. "ఏడ్చిందా సారూ?"

"గంట నుంచి ఏడుస్తాంది."

"వెనక ఎవలున్నరు?"

"సామాను ఉంది."

"సామానుకు గంతగనం ఏడ్వది. మనిషెవలు?"

ఆయన అద్దంలోకి చూశాడు. ఆమె చూస్తోంది. "అత్తమ్మ."

"ముందటికి మార్చు. ట్రంకులు గిట్ల ఉంటె కుడిపక్కకు జరుపు. ఎడమదిక్కు స్ప్రింగు కూసుండే కాడ రేకంత తుప్పు సారూ. పట్టీ ఏసి అతికిన, కని ఇనుము మీద నాకు నమ్మకం లేదు. సండ్ర చెక్కతోని చీల చేసి కొట్టిన. ఏడ్చుడు ఒక్కతీరుగ ఉంటె ఇంక కొంత టైం ఉన్నట్టే. నువ్వు మెల్లగ షెడ్డుకు తోలుకరా."

"నాకు చెప్పొద్దా ఎల్లేశం?"

"చెప్పిన గద సారూ, సప్పుడు మంచిదే అని. బాయిల చేసినోనివి, కర్ర సప్పుడు గుర్తు పట్టవా?"

"నేను కిటికీ కాడ చేసిన ఎల్లేశం. బాయిల ఒక్క దినమే దిగిన."

"ఆ ఒక్క దినం సాలదా?" అన్నాడు ఎల్లేశం. తరవాత గొంతు తగ్గించి, "ఇడిచిపెట్టు అంటె మూడు వారాలు నా మొకం సూడకపోతివి. మల్ల నోటితోని చెప్పుడు నాతోని గాలె. కర్ర చెప్తది తియ్యి అనుకున్న," అన్నాడు.

గిడియోన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పక్క సీటు వైపు చూశాడు. గుడ్డ మీద ఒక చోట సిరా మరక, పంతులమ్మగా హాజరు పట్టీ మీద అనసూర్య సంతకం పెడుతుంటే బడి ముందు పడింది. ఒక మోకాలు ఆ సీటు మీద పెట్టాడు, తరవాత చెయ్యి, తరవాత రెండో మోకాలు, అరవై ఒక్క ఏళ్ళ నడుము అడ్డం తిరిగింది, తల కప్పుకు కొట్టుకుంది, లారీ డ్రైవరు "మెల్లగ సారూ, మెల్లగ" అన్నాడు. ఎడమ తలుపు తీసుకుని నడకదారి మీదికి దిగాడు. గోదావరి మీది గాలి మొహానికి తగిలింది, చల్లగా, బొగ్గు వాసన లేకుండా. రెండు గుక్కలు పీల్చాడు. తరవాత వంగి, ముందు సీటు కింది కడ్డీ పట్టుకుని లాగాడు. తుప్పు పట్టిన గుంటలోంచి సీటు వెంటనే రాలేదు. రెండోసారి లాగితే వెనక్కి జరిగింది. డిక్కీ తెరిచి ట్రంకును కుడి పక్కకు నెట్టాడు, రోలు సంచిని ఆ పక్కకే జరిపాడు. వెనక తలుపు తీసి చెయ్యి చాచాడు.

"ముందటికి రాండ్రి అత్తమ్మా."

"నా బరువుకేనా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది, అలవాటైన దారే. "మీ బరువుకే," అన్నాడు. "బండి ముసల్ది. ఎనకకు ఆనుతలేదు. ముందటికైతే ఆనుతది. నాకైతే మీరు బరువు గాదు, రాండ్రి."

ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత చెయ్యి పట్టుకుని దిగి, నడకదారి మీద రెండడుగులు వేసి, ముందు సీటు ముందు ఆగింది. అరచేతితో ఆ గుడ్డను ఒకసారి తుడిచింది, దుమ్ము కోసమో, దేనికోసమో. కూర్చుంది. కాళ్ళు చాచుకుంది. ఆయన మళ్ళీ లోపలికి ఎట్లా పోవాలో ఆలోచించేలోపు ముందు లారీ బుస్సుమని బ్రేకు వదిలింది, కుడిపక్క లారీ నాలుగు గజాలు ముందుకు కదిలి ఆయన తలుపుకు చోటిచ్చింది. డ్రైవరు పైనుంచి చెయ్యి ఊపాడు. వంతెన మిగతా సగం దాటినంతసేపూ వెనక ఏ చప్పుడూ లేదు. ఆయన చెవి మాత్రం అక్కడే ఉంది.

షెడ్డులో ఎల్లేశం బండి కింద పడుకుని, చీల మీద చెయ్యి పెట్టి, లేచి వచ్చాడు. గిడియోన్ తాళంచెవి అతని అరచేతిలో పెట్టాడు. ఎల్లేశం దాన్ని క్యాలెండరు మేకుకు తగిలించి, "ఆటో పిలుస్త. సామాను నేనెత్తుత," అన్నాడు. పెట్టె ఎత్తుతూ, "పెద్దమ్మా, ఆమోసన్న చెవి మీకొచ్చింది," అన్నాడు. "చెవి గాదు," అంది ఆమె. "కాచుకునుడు."

ఇంట్లో ఆమె పెరుగన్నం తిని, వంటగది అలమరలు ఒక్కొక్కటీ తెరిచి చూసి, ఉప్పు డబ్బా ఉన్న చోటు బాగాలేదని పొయ్యి పక్కకు మార్చింది. కోయించిన మంచం మీద కూర్చుని లేచి చూసి, ఎత్తు సరిపోయిందంది. చీకటి పడి కాసేపే అయింది. బయట షిఫ్టు బస్సు ఖాళీగా పోయింది. గిడియోన్ కుర్చీలో కూర్చుని అలవాటుగా వెనకెక్కడో చప్పుడు కోసం వింటున్నాడు, అంతలో ఆమె గోడ పట్టుకుని నడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చి, వీధి తలుపు రెక్క మీద చెయ్యి వేసి, ఆగింది.

"ఇంక ఎవలన్న వచ్చేదున్నదా బిడ్డా?"

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"లేదు అత్తమ్మా. అందరం వచ్చినం."

ఆమె వీధిలోకి ఒకసారి తొంగి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టింది.